పెద్దకొడుకు పడవెక్కిన చోటు

మా పెద్ద తోడల్లుడుగారికి ఈ రోజుకీ పళ్ళన్నీ ఉన్నాయి. నాకంటే ఆరేళ్ళు పెద్దాయన. చెరుకు గడ పంటితో చీల్చుకుని తింటాడు. నేను జంతిక తినాలంటే టీలో ముంచుకోవాలి. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను రాయబోయేదాంట్లో ఆయన ఉన్నాడు. ఆయన విషయంలో నేను న్యాయంగా ఉంటానని ఎవరూ ఆశ పెట్టుకోకూడదు.

ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. నేను అమలాపురంలో పుస్తకాలకి బైండింగు చేసేవాణ్ణి. మా మావగారికి ఇద్దరాడపిల్లలు. పెద్దామెని ఆయనకిచ్చేరు, చిన్నామెని నాకిచ్చేరు. ఇద్దరల్లుళ్ళూ మాకు ఒకటే అని పైకి అనేవారు. కొత్తపేటలో వాళ్ళింటికి ఇద్దరం కలిసి వెళితే ఆయనకి పడక్కుర్చీ, నాకు బల్ల. ఆయనకి "ఇంకొంచెం వెయ్యమంటారా మాస్టారుగారూ" అని అడిగి మరీ చేప పొట్ట ముక్క, నాకు అడక్కుండానే తోక ముక్క. ఎవరైనా వస్తే మా అత్తగారు "ఈయన మా పెద్దల్లుడుగారండీ, హైస్కూలు మాస్టారు" అని చెప్పి, నా వైపు తిరిగి, "ఈయన మా చిన్నమ్మాయి మొగుడు" అనేది. అంతే. అక్కడితో నేను అయిపోయేను.

నేను బళ్ళో చదివింది ఐదో తరగతి. చదువు రాక మానలేదు, మాన్పించేరు. తర్వాతి చదువంతా సూదీ దారం చేతిలో పట్టుకుని చదివిందే. కోర్టు రికార్డులు, పంచాయతీ రిజిస్టర్లు, లైబ్రరీ నవలలు, వైద్యగ్రంథాలు, కుట్టడానికి ఏది వస్తే అది చదివేను. మైదా జిగురు ఆరేలోగా ఒక అధ్యాయం అయిపోయేది. జిగురులో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం వాసన తగిలితేనే ఇప్పటికీ నాకు అక్షరం ఎక్కుతుంది. నాకెవరూ పాఠం చెప్పలేదు, ఎవరూ మార్కులు వెయ్యలేదు. అందుకే మార్కులు వేసేవాళ్ళని చూసినా, వేయించుకునేవాళ్ళని చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క నవల మొదట్నుంచి చివరిదాకా చదవనివాడు కూడా గైడు బట్టీపట్టి పరీక్ష పాసై, బల్ల మీద కూచుని సాహిత్యం చెప్పేస్తాడు. ఎవరూ అడగరు. నేను అడిగేను ఒకసారి. అదే ఈ కథ.

తొంభైల మధ్యలో మా అమ్మాయి డిగ్రీ చదివేది. మాకు ఒక్కతే పిల్ల. అన్నీ పాసయింది, రెండో ఏడు తెలుగు పేపరు ఒక్కటి తప్పింది. పుస్తకాలు కుట్టేవాడి కూతురు తెలుగు తప్పిందని బజారంతా నవ్వేరు. ఆ పేపర్లో ఒక నవల ఉంది. ఆ నవల మీద పెద్ద ప్రశ్న తప్పనిసరిగా రాయాలి. అక్కడే పోయింది దానికి. మూడో ఏడు పరీక్షలతో పాటు మళ్ళీ ఆ పేపరు రాయాలి. ఈసారి పోతే డిగ్రీ చేతికి రాదు, డిగ్రీ రాకపోతే టీచరు ట్రైనింగు లేదు. దానికి చిన్నప్పట్నుంచీ టీచరవ్వాలని ఒకటే పట్టు. ఎవర్ని చూసి అలా పట్టుబట్టిందో నేను చెప్పక్కర్లేదు.

ఆ నవల పేరు రాయను. రాసినాయన మనవలుంటారు, నా గోల వాళ్ళకెందుకు. ఆ నవల నా దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉంది. పాత కాగితాల కొట్టులో ఒక మూటలో దొరికింది. అట్ట లేదు, కుట్టు లేదు. అచ్చులో ఒక పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీలొస్తాయి, దాన్ని ఫారం అంటాం. అలాంటి ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఆ నవల విడి ఫారాలుగా దొరికింది. ఎలకలు కింది అంచంతా కొరికేసేయి, పేజీ అంకెలు వాటి పొట్టలోకి పోయేయి. నేను కథని బట్టి ఫారాలు వరస పెట్టుకుని కుట్టేను. కొరికిన అంచు పోయేదాకా లోతుగా కోత వేసేను. ఎర్ర కాలికో గుడ్డతో అట్ట వేసేను. ఆ తర్వాత దాన్ని పదకొండుసార్లు చదివేను.

కాలవ గట్టు మీద ఒక ఊరు. ఒక ముసలి తల్లి, ఇద్దరు కొడుకులు. ఇల్లు పంచుకునే దగ్గర అన్నదమ్ములకి మాటామాటా వస్తుంది. తల్లి మంచాన పడుతుంది. ఆవిడకి ఇంక రోజులే అని తెలిసి కూడా పెద్దకొడుకు ఒక పొద్దున్న చేతిసంచీ పట్టుకుని పడవెక్కేస్తాడు. పేజీ తిప్పితే తల్లి పదోరోజు. చిన్నకొడుకు గుండుతో వాకిట్లో కూచుని ఉంటాడు. పెద్దవాడు లేడు. ఎక్కడో ముసలివాడయ్యేక తిరిగొచ్చి, "అమ్మ ఆఖరి మాట నాతోనే అంది" అంటాడు. ఆ పేజీ పక్కన నేను పెన్సిలుతో "పచ్చి అబద్ధం" అని రాసుకున్నాను. అంత దొంగవెధవని నేను ఇంకే పుస్తకంలోనూ చూడలేదు. చావబోయే తల్లిని వదిలేసి వెళ్ళినవాడికి చివర్లో ఊరంతా దణ్ణాలు పెడుతుంది. చదివినప్పుడల్లా నా రక్తం ఉడికిపోయేది.

ఇంత తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని మా అమ్మాయి నవల చెప్పించుకోడానికి ఎక్కడికెళ్ళిందంటారు? వాళ్ళ పెదనాన్నగారింటికి. పరీక్షకి పది రోజుల ముందు నుంచీ రోజూ సాయంత్రం సైకిలేసుకుని వెళ్ళేది. వచ్చి అన్నం తింటూ, "పెదనాన్నగారు ఎంత బాగా చెప్పేరోనండీ! నవలంతా ఏడు పాయింట్లలో తేల్చేసేరు" అనేది.

"నవల ఏడు పాయింట్లేంటే? మున్సిపాలిటీ నోటీసా?" అన్నాను.

"పరీక్షకి అంతే కావాలి నాన్నగారూ."

"నన్నడిగితే నేను చెప్పనూ?"

అది కంచంలోకి చూస్తూ మెల్లగా అంది: "మీరు కథ చెప్తారు నాన్నగారూ. చెప్తూ చెప్తూ తిట్టడం మొదలెడతారు. పెద్దకొడుకు దగ్గరకొచ్చేసరికి గంట అయిపోతుంది. నేను రాసుకోడానికేం ఉండదు."

మా ఆవిడ అటు తిరిగి నవ్వుకుంది. నేను చెయ్యి కడిగేసుకున్నాను. నా ఎర్ర అట్ట పుస్తకం దాని బల్ల మీద పెట్టి వచ్చేను. రెండ్రోజులు అలాగే ఉంది. మూడో రోజు చూస్తే దాని మీద కిరసనాయిలు సీసా మూత ఉంది. ఆ పక్కన ఆయన చేతిరాత నోట్సు, గుండ్రటి అక్షరాలు, కింద ఎర్ర సిరా గీతలు. నిజం చెప్పాలంటే ఎంత చక్కటి అక్షరాలో. నా కూతురి బల్ల మీద నా పుస్తకం కంటే ఆయన నోట్సు ఎత్తుగా ఉంది.

వెనకబడిన పేపర్లు రాసేవాళ్ళకి ఆ ఏడు పరీక్ష సెంటరు రామచంద్రపురంలో వేసేరు. గోదావరి దాటాలి. పరీక్ష మధ్యాహ్నం. పొద్దున్నే బస్సులో ముక్తేశ్వరం వెళ్ళి, రేవులో పంటు, అదే బల్లకట్టు, ఎక్కి అవతల కోటిపల్లిలో దిగి, మళ్ళీ బస్సు. నేను తీసుకెళ్తానని ముందే చెప్పి ఉంచేను. బయల్దేరబోతుంటే మా ఆవిడ అంది.

"బావగారు కూడా వస్తున్నారండీ."

"ఆయనెందుకూ? నాకు దారి తెలీదా?"

"దారి మీకు తెలుసు. పాఠం ఆయనకి తెలుసు. దార్లో ఓసారి తిరగేయిస్తారంట."

ఎర్ర అట్ట పుస్తకం సంచీలో వేసుకున్నాను.

బస్సులో ఆయన, అమ్మాయి ఒక సీటు. నేను వెనక సీటు. ఆయన ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, జేబులో రెండు పెన్నులు. "తమ్ముడుగారూ, కూచోడానికి బాగుందా?" అని వెనక్కి తిరిగి అడిగేడు, బస్సు ఆయన సొంతమైనట్టు.

ముక్తేశ్వరం రేవుకెళ్ళేసరికి నది పాటు మీద ఉంది. వేసవి కదా, సముద్రం వెనక్కి లాగితే అక్కడ నీళ్ళు పలచబడిపోతాయి. పంటు ఇసకలో కూచుంది. పోటు ఎక్కేదాకా కదలదన్నారు. గంటో, గంటంబావో. పరీక్షకి టైముందిలెమ్మని ఇసక మీద పాక నీడలో కూచున్నాం. మాతో పాటు ఎండుచేపల గంపతో ఒకావిడ, ఇంకో పదిమంది.

మాస్టారు నోట్సు తీసేడు. తీసి, అందరికీ వినపడేలా మొదలెట్టేడు. పాఠం చెప్పేవాళ్ళకి ఆ గొంతు మామూలే అనుకోండి, కానీ ఆ రోజు అది నా కోసమే అనిపించింది.

"ఏమ్మా, పెద్దకొడుకు పాత్ర. చెప్పు."

అమ్మాయి కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. "పెద్దకొడుకు త్యాగమూర్తి. ఒకటి, మాతృభక్తి. రెండు, సోదరప్రేమ. మూడు..."

"ఆగు," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూసేరు.

"ఎవడికే మాతృభక్తి? తల్లి మంచం మీదుంటే పడవెక్కినవాడికా?"

మాస్టారు నవ్వేడు. పిల్లలు తప్పు చెబితే నవ్వే నవ్వు. "పడవెక్కినా మళ్ళీ తిరిగొస్తాడు కదండీ తమ్ముడుగారూ. తల్లికి సేవ చేస్తాడు. గైడులో స్పష్టంగా ఉంది."

"గైడులో ఉంది. నవల్లో ఉందా?"

"గైడు నవల్లోంచే కదండీ రాస్తారు."

"అన్నగారూ, ఒక్క ముక్క అడుగుతాను, తిన్నగా చెప్పండి. మీరు ఈ నవల చదివేరా?"

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఎప్పుడో కాలేజీ రోజుల్లో..."

"ఎప్పుడో కాదండీ. చదివేరా, లేదా?"

గంపావిడ నోట్లో చుట్ట తీసి, "అదేంటండీ, మాస్టార్ని పట్టుకుని చదువుకున్నారా అని అడిగేస్తున్నారు!" అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"లేదండీ," అన్నాడాయన. మొహం కందిపోయింది. "గైడు చూసే చెప్పేను. కానీ..."

"కానీ ఏం లేదండీ," అని నేను సంచీలోంచి పుస్తకం తీసేను. ఇరవై ఏళ్ళుగా దాచుకున్నది ఆ రేవులో తీసినట్టయింది. అమ్మాయి ఒళ్ళో పెట్టి, వేలు పెట్టి చూపించేను. "చదువు. పైకి చదువు. ఇదిగో పడవెక్కేడు. పేజీ తిప్పు. ఇదిగో పదోరోజు. ఎక్కడొచ్చేడు తిరిగి? ఎవరికి సేవ చేసేడు? చూపించమను మీ పెదనాన్నగార్ని."

అమ్మాయి చదివింది. పేజీ ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. మళ్ళీ చదివింది. మాస్టారు మెడ సాచి చూసేడు. జేబులో కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చూసేడు.

"పుస్తకంలో లేదు పెదనాన్నగారూ," అంది అమ్మాయి.

"ఆయ్. లేదమ్మా," అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి ఆయన్ని చూసిన చూపు నేను చూసేను. కొట్టువాడు తూకంలో మోసం చేస్తుంటే పట్టుకున్నప్పుడు చూస్తామే, అలాంటి చూపు. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు ఇన్నాళ్ళూ చెప్తూనే ఉన్నారు కదా నాన్నగారూ" అంది. నా పెళ్ళినాడు కూడా నాకు అంత సంతోషం లేదు. పోటెక్కి పంటు కదిలేదాకా నేనే చెప్పేను. పెద్దకొడుకు స్వార్థం, పిరికితనం, చివర్లో ఆడిన అబద్ధం. అమ్మాయి నోట్సు మూసేసి విన్నది. గంపావిడ కూడా విని, "ఆడసలు మనిషేనా అండీ?" అంది. మాస్టారు పంటు అవతల చివరికి వెళ్ళి గొడుగు వేసుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు జాలెయ్యలేదు.

రామచంద్రపురంలో అమ్మాయిని కాలేజీ గేటు లోపలికి పంపేం. మాస్టారు ఎదురుగా సైకిలు షాపు అరుగు మీద చేతిరుమాలు మొహాన వేసుకుని పడుకున్నాడు. నాకు కాలు నిలవలేదు. గెలిచినవాడు ఒక చోట కూచోలేడు కదా. బజారులోకి వెళ్ళేను. కాలేజీ పుస్తకాలమ్మే ఒక కొట్టు బయట గైడులు గుట్టగా పోసి ఉన్నాయి. వాటి పక్కన ఆ నవల, కొత్త అచ్చు. నాకు అలవాటు, ఏ పుస్తకం చూసినా ముందు వీపు చూస్తాను, కుట్టెలా ఉందో చూస్తాను. బొటనవేలితో ఫారాలు లెక్కపెడతాను. లెక్కపెట్టేను. నా పుస్తకానికున్న ఫారాలు నాకు నిద్దట్లో కూడా తెలుసు. ఇందులో ఒకటి ఎక్కువుంది.

కొత్త అచ్చులో అక్షరం పెద్దదేమో అనుకున్నాను. అక్షరం అంతే. పడవెక్కే చోటు వెతికి తీసేను. పెద్దకొడుకు పడవెక్కేడు. పేజీ తిప్పేను.

పదోరోజు లేదు. పడవ తర్వాతి లాకు తలుపుల దగ్గర ఆగుతుంది. పెద్దకొడుకు దిగిపోతాడు. గట్టమ్మట నడిచి, మధ్యాహ్నానికి ఇంటికి తిరిగొస్తాడు. తొమ్మిది రోజులు తల్లి మంచం కింద పడుకుంటాడు. ఆవిడకి గుడ్డలు మారుస్తాడు, అన్నం మెత్తగా పిసికి నోట్లో పెడతాడు. ఆవిడ ఆఖరి మాట అతనితోనే అంటుంది. తల్లికి కర్మ చెయ్యాల్సింది చిన్నకొడుకే కాబట్టి, దహనం అవగానే తన వాటా కూడా తమ్ముడికి వదిలేసి, పదోరోజుకి ముందే మళ్ళీ పడవెక్కుతాడు. ఈసారి దిగడు. అక్కడికి పదహారు పేజీలు. సరిగ్గా ఒక ఫారం. నా మూటలోకి రాకుండా ఏ బజ్జీల కొట్టులోనో పొట్లాలైపోయిన ఫారం. ముందు ఫారం పడవెక్కడంతో, చుక్క పెట్టి ముగిసింది. తర్వాతి ఫారం కొత్త అధ్యాయంతో మొదలైంది. కథని బట్టి వరస పెట్టుకున్న నాకు అతుకు కనపడలేదు.

"కొంటారా, ఇక్కడే పూర్తి చేసేస్తారా అండీ?" అన్నాడు కొట్టాయన.

"చూస్తున్నానండీ," అని పుస్తకం కింద పెట్టేసేను.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన మా అమ్మాయి గురించి కాదు. మాస్టారు చెప్పిందే నిజం అన్నది మొదటి ఆలోచన. చదవకుండానే ఆయన నిజం చెప్పేడు, పదకొండుసార్లు చదివి నేను అబద్ధం చెప్పేను. ఇదెక్కడి అన్యాయం అని ఆ బజారులో నిలబడి దేవుణ్ణి తిట్టుకున్నాను. ఆ తర్వాత, చాలాసేపటి తర్వాత, లోపల కూచుని రాస్తున్న పిల్ల గుర్తొచ్చింది. అప్పుడు పరిగెత్తేను. పరిగెత్తి ఏం చేస్తాను? గేటు వేసేసి ఉంది. వాచ్‌మన్ని బతిమాలేను, "లోపల మా అమ్మాయికి ఒక్క మాట చెప్పాలండీ" అని. "పరీక్షలో ఉన్న పిల్లకి మాట చెప్తారా? అందర్లో అంటున్నారు, సిగ్గులేదా అండీ?" అన్నాడు. అరుగు మీద మాస్టారు రుమాలు పైకెత్తి చూసి, మళ్ళీ కప్పుకున్నాడు.

గంట కొట్టేరు. అమ్మాయి బయటికొచ్చింది. మొహం దిగాలుగా ఉంది.

"ఏమడిగేరమ్మా?"

"పెద్దకొడుకు పాత్రే అడిగేరు."

"ఏం రాసేవు?"

అది మాస్టారికి వినపడకుండా నన్ను పక్కకి లాగింది. కళ్ళల్లో నీళ్ళు. "నాన్నగారూ, తిట్టద్దు. పెదనాన్నగారు చెప్పిందే రాసేను. మీరు చెప్పిందే నిజమని తెలుసు. రాద్దామనే పెన్ను పెట్టేను. కానీ దిద్దేవాళ్ళు కూడా గైడులే చూసి దిద్దుతారు కదా, మార్కులు వెయ్యకపోతే ఏడాది పోతుందని భయమేసింది. తెలిసి తెలిసీ అబద్ధం రాసేను."

గండం గడిచింది. పిల్ల పాసవుతుంది. నేను ఎగిరి గంతెయ్యాలి. గంతెయ్యలేదు. రేవులో అంతసేపు నా మాట విని, పుస్తకం కళ్ళారా చూసి కూడా, కాగితం మీద ఆయన మాటే పెట్టింది కదా అని ముల్లు గుచ్చుకున్నట్టయింది. చూసేరా, అప్పుడు కూడా అదే. ఇంకొకటి కూడా చేసేను. "నువ్వు రాసిందే నిజమమ్మా, నా పుస్తకంలో ఒక ఫారం లేదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. దాని తల మీద చెయ్యి వేసి, "పోన్లే, పరీక్ష కోసం రాసేవు. నిజం నీకు తెలుసు కదా" అన్నాను. దాని కళ్ళల్లో నేను ఆ ఒక్క పూటే పెద్దవాణ్ణయ్యేను. ఆ పూట పోగొట్టుకోలేకపోయేను.

తిరుగు పంటులో మాస్టారు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "తమ్ముడుగారూ, మీరన్నది నిజమేనండీ. చదవకుండా చెప్పకూడదు. ఆ పుస్తకం ఓసారి ఇవ్వండి, నాలుగు రోజుల్లో చదివి ఇచ్చేస్తాను."

"ఇవ్వనండి," అన్నాను.

"ఆయ్," అని గొడుగు చంకలో పెట్టుకున్నాడు. గర్వం అనుకున్నాడేమో అనుకున్నాను. అమ్మాయి మాత్రం అలాగే అనుకుంది, ఆ గర్వం నాకు ఉండాల్సిందే అన్నట్టు చూసింది.

పరీక్ష పాసయింది. ట్రైనింగులో సీటొచ్చింది. మిఠాయి పొట్లం పట్టుకుని ముందు పెదనాన్నగారికి దణ్ణం పెట్టి, తర్వాత నా దగ్గరకొచ్చింది. మా ఆవిడ చెప్పింది అలా చెయ్యమని. నేను ఆ మిఠాయి తినలేదు. కానీ ఆ తర్వాత అది ఆయన దగ్గరకి నోట్సుల కోసం వెళ్ళలేదు. ఆయనేదైనా చెబితే "చదివే చెప్తున్నారా పెదనాన్నగారూ?" అని నవ్వుతూ అనేది. నవ్వుతూనే అనేది, కానీ అనేది. ఆయనా నవ్వేసేవాడు. నేను ఆ నవ్వులు విని లోపల్లోపల పండగ చేసుకునేవాణ్ణి.

రాజోలు దగ్గర స్కూల్లో దానికి ఉద్యోగమొచ్చి ఏడెనిమిదేళ్ళయ్యేక, ఒక ఆదివారం నా కొట్టుకొచ్చింది. చేతిలో ఆ నవల, లైబ్రరీది. బల్ల మీద పెట్టింది. నేను సూదికి దారం ఎక్కిస్తున్నాను.

"నాన్నగారూ, పెద్దకొడుకు తిరిగొచ్చేడు."

"తెలుసు," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు లోపల పరీక్ష రాస్తున్నప్పట్నుంచి."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. స్టూలు లాక్కుని కూచుంది. "నేను అబద్ధం రాసేనని ఇన్నేళ్ళు బాధపడ్డాను, అది పోనివ్వండి," అంది. "పెదనాన్నగార్ని ఎన్ని మాటలన్నాను నాన్నగారూ! పిల్లల ముందు కూడా ఆయన్ని వేళాకోళం చేసేను. మీరు పక్కనుండి విన్నారు. వినీ ఊరుకున్నారు."

"విన్నాను."

"వెళ్ళి చెప్పండి ఆయనకి. నేను రాను. మీరే వెళ్ళాలి."

నాకే టీచర్లా చెప్పింది. వెళ్ళేను. ఆయన అప్పటికి రిటైరయ్యేడు. వీధరుగు మీద కూచుని చెరుకు ముక్కలు తింటున్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పేసేను, ఎలకల దగ్గర్నుంచి కొట్టాయన దాకా. ఆయన చెరుకు పిప్పి పక్కన పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"ఆయ్, నాకు అప్పుడే తెలుసండీ."

"ఎప్పుడు?"

"మీరు పుస్తకం ఇవ్వనన్నారు కదండీ. ఆ వేసవి సెలవుల్లోనే కొనుక్కుని చదివేను. చాలా మంచి నవలండీ."

"తెలిసీ మరి చెప్పలేదేం? పిల్ల మిమ్మల్ని అన్నేసి మాటలంటుంటే?"

"చెప్తే ఏముందండీ. దానికి తండ్రి మాట మీద నమ్మకం పోతుంది. నాదేముంది, మాస్టార్ని, పిల్లలు ఏదో ఒకటి అంటూనే ఉంటారు." అని, నవ్వు ఆపుకుంటూ, "ఇంకోటి కూడా ఉందండోయ్. మా స్కూలు లైబ్రరీ అంతా మీ చేతే కుట్టించేను. ఆ సంగతి బయటికొస్తే ఎన్ని పుస్తకాల్లో ఎన్ని ఫారాలు ఎగిరిపోయేయో అని నన్ను పట్టుకుంటారు. రిటైరయ్యేదాకా నోరు మూసుకోవడం మంచిదని..." అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. తప్పు ఒప్పుకుందామని వెళ్ళినవాణ్ణి, ఒళ్ళంతా మంటతో తిరిగొచ్చేను. నవల చదవలేదన్న ఒక్క లోటు ఉండేది ఆయనకి, అది కూడా తీర్చేసుకున్నాడు. నోరు మూసుకుని నా పరువు కాపాడేడంట. నేను అడిగేనా? పదేళ్ళ పాటు నేను ఆయన్ని గెలిచేననుకుంటూ తిరిగేను. ఆయన ఎదురుగా కూచుని నన్ను తిరగనిచ్చేడు.

కొట్టుకొచ్చేసరికి అమ్మాయి ఇంకా అక్కడే ఉంది.

"చెప్పేరా?"

"చెప్పేను."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు," అన్నాను. "చెరుకు తింటున్నాడు."

అది నమ్మింది. పెదనాన్నగారు పాపం ఏమీ అనలేకపోయేరు కామోసు అనుకుని వెళ్ళిపోయింది. ఆయన దానికి ఈ రోజుకీ చెప్పలేదు. చెప్పడు కూడా, నాకు తెలుసు. అందుకే నాకు మరీ మంట. ఇప్పుడిది అచ్చయితే మా అమ్మాయి తప్పకుండా చదువుతుంది. చదివి, తిన్నగా ఆయన ఇంటికే వెళ్తుంది. వెళ్ళనివ్వండి. మా ఇంటికి రావడానికి ఒక పూట ఆలస్యమవుతుంది. ఆ పూట కూడా ఆయనకే.